పట్టాలు మార్చేటప్పుడు

మొన్న శనివారం రాత్రి 38 రైళ్ళని అమ్మేశాను. ఓపెన్‌టీటీడీ అనే ఆటలో. క్రిస్ సాయర్ 1994లో తయారుచేసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్‌ని ఔత్సాహికులు తిరగరాస్తే వచ్చిన ఆట ఇది, ఉచితంగా దొరుకుతుంది. 1950లో ఆవిరింజన్లతో మొదలుపెట్టి ఊళ్ళ మధ్య పట్టాలు వేసుకుంటూ పోవాలి. ఆటలో ఒక రోజంటే మనకి రెండు సెకన్ల పైచిలుకు. 1999 ప్రాంతంలో మోనోరైలు వచ్చిందని కబురొస్తుంది. తలనొప్పి అక్కడ మొదలు.

మామూలు లైనుని కరెంటు లైనుగా మార్చడం తేలికే. రైళ్ళు నడుస్తుండగానే పైన తీగలు వచ్చేస్తాయి, వాటి కింద డీజిలింజను తన మానాన తను పోతూనే ఉంటుంది. మోనోరైలు అలా కాదు. పాత రైలు దాని మీద నడవదు, పైగా పట్టా మీద ఒక్క రైలున్నా ఆ ముక్క మారనంటుంది. కాబట్టి రెండే దారులు. పక్కనే కొత్త లైను వేసి ఒక్కో రైలునీ అటు మళ్ళించడం ఒకటి. దానికి డబ్బు కావాలి, స్థలం కావాలి, ఇళ్ళు కూలగొట్టాలి, ఊరి పెద్దలకి కోపం వస్తుంది. (చెట్లు నాటితే ఆ కోపం తగ్గుతుంది. కంపెనీ యజమాని విగ్రహం పెట్టిస్తే ఆ ఊళ్ళో స్టేషన్ల రేటింగు పెరుగుతుంది. ఈ ఆట రాసినాయన స్కాట్లండ్‌వాడంటే నమ్మబుద్ధి కాదు.) రెండోది, అన్ని రైళ్ళనీ షెడ్లకి పంపి అమ్మేసి, పట్టాలన్నీ ఒక్కసారే మార్చి, కొత్తవి కొనడం. నేను రెండోదే చేశాను. ఆట లెక్కలో ఎనిమిది నెలలు పట్టింది, నా గడియారంలో తొమ్మిది నిమిషాలు.

ఆ ఎనిమిది నెలలూ స్టేషన్లలో ఏం జరిగిందో తర్వాత ఆలోచించాను. రైలు రాకపోతే స్టేషను రేటింగు పడిపోతుంది, ఎదురుచూసే జనం సంఖ్య తగ్గిపోతుంది. తగ్గిపోవడమంటే వాళ్ళు ఇంటికి వెళ్ళారని కాదు, అసలు లేకుండా పోతారు. మళ్ళీ రైళ్ళు రాగానే రేటింగు పుంజుకుంటుంది. అంతకుముందు 68 శాతం ఉన్నది నాకిప్పుడు 77 శాతం. గ్రాఫులో చిన్న పల్లం, ఆ తర్వాత కొండ. చూడ్డానికి బావుంది కూడా.

ఇంకో సంగతుంది. ఈ ఆటలో మామూలుగా ప్రయాణికుడికి గమ్యం ఉండదు. ఎక్కించుకుని ఎక్కడ దింపినా డబ్బులిస్తాడు. దూరాన్ని బట్టి, పట్టిన కాలాన్ని బట్టి లెక్క, అంతే. తర్వాతి వెర్షన్లలో గమ్యాలు పెట్టుకునే వీలొచ్చింది గానీ నేను ఆన్ చెయ్యలేదు. చేస్తే ఆట కష్టమవుతుంది.

మాది రాయలసీమలో మీటర్ గేజ్ లైను మీద ఉన్న చిన్న ఊరు. 1992లో మొదలైన యూనిగేజ్ పథకం కింద దేశంలో 1000 మిల్లీమీటర్ల లైన్లని 1676కి మార్చుకుంటూ వచ్చారు. మా లైను వంతు వచ్చేసరికి నేను ఏడో తరగతి. మా వీధిలో ఒకామె ఉండేది, ఆకుకూరల అవ్వ అనేవాళ్ళం. తెల్లవారుజామున పాసింజరుకి గోనెసంచి ఎత్తుకుని టౌనుకి పోయి, మధ్యాహ్నం బండికి తిరిగొచ్చేది. లైను మూసేశాక కొన్నాళ్ళు బస్సులో తిరిగింది. టిక్కెట్టూ లగేజీ పోను మిగిలేది లేక మానేసింది. పెద్ద లైను మీద రైలొచ్చేసరికి నేను ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. సెలవులకి వెళ్ళినప్పుడు “రైలొచ్చింది కదవ్వా, పోవడం లేదా?” అనడిగాను. “ఇన్నాళ్ళు నాకోసం కాచుకోనుంటారా నాయనా ఎవురైనా? నా బేరాలు ఎవురో పట్టుకోనుంటారు” అంది. కోపమేమీ లేదు ఆ గొంతులో. అదే రైల్లో, మారకుండా ఒకే బండిలో, నేను హైదరాబాదు వెళ్ళి ఉద్యోగంలో చేరాను.

లెక్క వేస్తే ఆ లైను మార్చడం సరైనదే. ఈ రోజు ఆ దారిలో తిరిగే జనం ఎక్కడ, అప్పటి పాసింజరు ఎక్కడ! కానీ జాన్ రాల్స్ తన ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’ (1971)లో ప్రయోజనవాదం మీద పెట్టిన అభ్యంతరం ఇక్కడే గుచ్చుకుంటుంది. మనుషులు వేరువేరు అన్న సంగతిని అది లెక్కలోకి తీసుకోదంటాడాయన. ఒకే మనిషి ఇవాళ కష్టపడి రేపు సుఖపడితే దాన్ని పొదుపంటాం. కష్టపడింది అవ్వ, సుఖపడింది నేను. దీన్నేమనాలి? గ్రాఫులో మాత్రం ఇద్దరం ఒకే గీత.

నిదానంగా మార్చడమే మంచిదని కూడా అనలేను. 1892 మేలో ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన ఏడడుగుల వెడల్పు గేజిలో మిగిలిన ఆఖరి లైనుని ఒక్క వారాంతంలో మార్చేసింది. శుక్రవారం రాత్రి దాకా పాత రైళ్ళు నడిచాయి, సోమవారానికి కొత్తవి. దానికోసం ముందునుంచే అన్నీ సిద్ధం చేసిపెట్టుకుని, నాలుగు వేలమందికి పైగా కూలీలని దించారు. వాళ్ళు స్టేషన్లలో, గూడ్సు షెడ్లలో పడుకున్నారు. ప్రయాణికుల ఎదురుచూపు తగ్గాలంటే ఆ బరువు ఇంకెవరి భుజాల మీదో పడాల్సి వచ్చింది. నా ఆటలో కూలీలు కూడా లేరు.

ఆఫీసులో ఇదే పని నాకు జీతమిచ్చి చేయిస్తారు. పాత సిస్టమ్ ఆపేసి కొత్తదానికి మారేటప్పుడు, “ఇంకా పాతది వాడేవాళ్ళు రెండు మూడు శాతమే” అని స్లయిడు మీద రాస్తాం. నేనూ రాశాను, చాలాసార్లు. ఆ రెండు మూడు శాతంలో ఒక్కరితో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు.

రైళ్ళు అమ్మకముందు సేవ్ చేసుకున్న ఆట ఇంకా ఉంది. నిన్న రాత్రి దాన్ని తెరిచి, గమ్యాలు ఆన్ చేసి, ఈసారి పక్కన కొత్త లైను వేద్దామని కూర్చున్నాను. రెండో ఊరి దగ్గర ఏడు ఇళ్ళు అడ్డొచ్చాయి. ఆట పాజ్‌లోనే ఉంది.