తుపాకీ లైసెన్సు అడిగిన మేనల్లుడు

పోయిన వేసవిలో మా మేనల్లుడు ఊరినుంచి ఖరగ్‌పూర్ వచ్చాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా బంధువుల ఇంట పెళ్లి. పెళ్లయిన మర్నాడు ఆదివారం. ఎప్పటిలాగే మా ముందుగదిలో ఏడెనిమిది మందిమి కూర్చుని త్రిశరణాలు, పంచశీల చెప్పుకున్నాం. మొదటి శీలం దగ్గర వాడి గొంతు ఆగింది. నేను గమనించాను గాని ఏమీ అనలేదు. అందరూ వెళ్లాక జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"మావయ్యా, యూనియన్లో అర్జీలు రాసి రాసి ఆరితేరినోడివి. ఇది కాస్త సరిచేసి పెట్టు" అన్నాడు.

చదివాను. తన ప్రాణరక్షణకు తుపాకీ లైసెన్సు ఇప్పించమని జిల్లా కలెక్టరుకు రాసిన అర్జీ అది.

వాడి కష్టం నాకు తెలుసు. ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి అయిదు కుటుంబాలది. పక్క కమతం వాళ్లు ఏటా గట్టు జరుపుతున్నారు. అడిగితే తిట్లు, ఆ తర్వాత రాత్రిపూట ఇంటిముందు ట్రాక్టర్ల హోరు. స్టేషనుకు రెండుసార్లు వెళ్లాడు, రెండుసార్లూ సర్దుకుపొమ్మని పంపేశారు. వాడి ఊరికి లక్ష్మీపేట ఎంతో దూరం కాదు. అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలంలోని ఆ ఊళ్లో 2012 జూన్ 12న అయిదుగురు దళితులను చంపేశారు. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకోగా మునగకుండా మిగిలిన భూమి మీద వచ్చిన తగాదా అది. మావాడు అప్పటికి డిగ్రీ చదువుతున్నాడు. శవాలను చూసి వచ్చినవాడు.

"బౌద్ధుడివై తుపాకీ ఏమిటిరా" అని నోటిదాకా వచ్చింది. అది నేను అనేలోపే వాడు జవాబులు పరిచాడు.

మొదటిది చట్టం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 1995లో నియమాలు వచ్చాయి. అందులో మూడో నియమం అత్యాచారం జరగకముందే ప్రభుత్వం తీసుకోవలసిన జాగ్రత్తలు చెబుతుంది. ప్రాణానికి, ఆస్తికి రక్షణ కోసం అవసరమని తోస్తే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధాల లైసెన్సులు ఇవ్వవచ్చని అందులో అయిదో అంశం. "నేను అడిగేది దొంగతుపాకీ కాదు మావయ్యా, చట్టం రాసిపెట్టినదే" అన్నాడు.

రెండోది బాబాసాహెబ్. 1936 నాటి కులనిర్మూలనలో ఆయన ఒక ప్రశ్న వేసుకున్నారు. ఇన్ని అవమానాలు పడ్డ అట్టడుగు జనం ఈ దేశంలో ఎందుకు తిరగబడలేదు? చాతుర్వర్ణ్యం వాళ్ల చేతిలో ఆయుధం లేకుండా చేసింది, చదువు లేకుండా చేసింది, అందుకే లేవలేకపోయారని ఆయన జవాబు. "ఆయుధం లేకపోవడం మనకు శీలం కాదు, శిక్ష" అన్నాడు మావాడు. ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఎందుకంటే అందులో నిజం ఉంది. ఆ నిజం మా ఖరగ్‌పూర్ నేలలోనే ఉంది. 1878 ఆయుధాల చట్టం భారతీయుడు లైసెన్సు లేకుండా ఆయుధం పట్టడం నేరమంది, యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు మినహాయింపు ఇచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వేకు సొంతంగా వాలంటీర్ రైఫిల్స్ దళం ఉండేది. తెల్లవాళ్లు, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులు అందులో చేరి కవాతు చేసేవారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపునుంచి వచ్చిన మన కలాసీల చేతికి సుత్తి, పార మాత్రమే వచ్చాయి. ఊరికి ఆ చివరన ఇప్పుడు ఐఐటీ ఉన్న చోట హిజిలీ నిర్బంధ శిబిరం ఉండేది. 1931 సెప్టెంబరు 16న అక్కడ కాపలా సిపాయిలు నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఆయుధం ఒక వైపే ఉండే శాంతిని శాంతి అనలేం.

ఈ తగవు మనదొక్కటే కాదు. అమెరికాలో 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడా రాష్ట్రం పార్క్‌లాండ్ బడిలో 17 మందిని కాల్చి చంపారు. మార్చి 24న ఆ బడిపిల్లలే ముందు నడవగా లక్షలమంది తుపాకుల అదుపు కోరుతూ వీధుల్లోకి వచ్చారు. రెండేళ్ల తర్వాత, 2020 జనవరి 20న, వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో సుమారు 22 వేలమంది తుపాకుల సొంతదారులు కొత్త ఆంక్షలు వద్దని గుమికూడారు. చాలామంది భుజాన రైఫిళ్లు ఉన్నాయి. వీళ్లను ఎవరో డబ్బిచ్చి తెచ్చిన జనం అనుకుంటే పొరపాటు. రైతులు, మెకానిక్కులు, తల్లులు, తండ్రులు సొంత ఖర్చుతో వచ్చారు. రెండు గుంపులూ అన్న మాట ఒకటే: మా పిల్లలను కాపాడుకోవాలి.

మన దేశంలోనూ ఈ రెండు పక్షాలున్నాయి. 2019లో కేంద్రం ఒక మనిషికి ఒక్క తుపాకీయే ఉండాలని బిల్లు తెస్తే లైసెన్సుదారులు, షూటింగ్ క్రీడాకారులు ఊరుకోలేదు. చివరకు చట్టంలో ఒకటి రెండయింది. ఇటు మణిపూర్‌లో కాల్పులకు భర్తలను పోగొట్టుకున్న స్త్రీలతో బీనాలక్ష్మీ నేప్రమ్ 2007లో ఒక సంఘం కట్టారు. ఒక వితంతువుకు కుట్టుమిషను కొనిపెట్టడంతో ఆ పని మొదలైంది. అయితే లైసెన్సులు ఎవరి చేతుల్లో ఉన్నాయి? 2016 చివరికి దేశంలో 33 లక్షల పైచిలుకు లైసెన్సులుంటే, అందులో 12 లక్షలకు పైగా ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయని హోంశాఖ లెక్క. కూలివాడికి, కౌలురైతుకు ఎన్ని వెళ్లి ఉంటాయో పల్లె తెలిసిన ఎవరినీ అడగనక్కర్లేదు.

మరి మావాడి అర్జీ మీద సంతకం పెట్టి పంపెయ్యవచ్చు కదా? ఇక్కడే ధమ్మం నన్ను ఆపింది. ధమ్మం అంటే "వద్దు" అనే ఒక్క మాట కాదు. బుద్ధుడు, ఆయన ధమ్మంలో బాబాసాహెబ్ అహింస గురించి చెప్పిన తేడాను మనం తరచు మరచిపోతాం. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు. అహింసను తథాగతుడు కదలని నియమంగా కాక సూత్రంగా చెప్పాడని ఆయన వివరణ. నియమమైతే పాటిస్తావు, లేదా తప్పుతావు. సూత్రమైతే ప్రతిసారీ నువ్వే ఆలోచించి నిర్ణయించుకోవాలి, ఆ నిర్ణయానికి నువ్వే బాధ్యుడివి. కాబట్టి ఆత్మరక్షణకు లేచిన చెయ్యి అధర్మమని మావాడికి నేను చెప్పలేదు, చెప్పను కూడా. పడుకున్న వాళ్లమీద పడ్డవాడినీ, లేచి అడ్డుకున్నవాడినీ ఒకే తక్కెడలో పెట్టే అహింస పెత్తందారులకు పనికొస్తుంది.

కాని సూత్రం ఇంకో ప్రశ్న అడుగుతుంది. ఈ తుపాకీ నిజంగా ఆ అవసరం తీరుస్తుందా?

మన ప్రాంతంలో జరిగినవి గుర్తు చేసుకుందాం. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో, 2012లో లక్ష్మీపేటలో మనవాళ్ల మీదికి వచ్చింది ఒంటరి దొంగ కాదు, గుంపు. గొడ్డళ్లు, బరిసెలు, కర్రలతో వచ్చిన గుంపు. వంద మంది మీదికి వస్తే ఒక ఇంట్లో ఉన్న ఒక్క తుపాకీ ఎంతసేపు నిలుస్తుంది? అది ఒక్కసారి పేలితే చాలు, మర్నాడు కేసు ఎవరి మీద ముందు రాస్తారో మావాడికి తెలియదా? పైగా గుంపు ఏడాదికి ఒక్కరోజే వస్తుంది, రాకపోవచ్చు కూడా. తుపాకీ మాత్రం 365 రోజులూ ఇంట్లోనే ఉంటుంది. తాగి వచ్చిన తమ్ముడు, పరీక్ష తప్పిన కొడుకు, అన్నదమ్ముల వాటాల గొడవ, అన్నీ ఆ ఇంట్లోనే ఉంటాయి.

సుత్తనిపాతంలో అత్తదండ సుత్తం ఉంది. దండం చేతపట్టడం గురించిన సుత్తం అది. మనం భయం వల్ల దండం పట్టామనుకుంటాం. తథాగతుడు ఆ వరుసను తిరగేశాడు. దండం పట్టడం వల్లే భయం పుట్టిందన్నాడు. మా ఖరగ్‌పూర్‌లో ఇది పుస్తకం చూసి తెలుసుకోనక్కర్లేదు. 2017 జనవరి 11న న్యూ సెటిల్‌మెంట్‌లో పార్టీ ఆఫీసులోనే శ్రీను నాయుడినీ, ఆయన అనుచరుడినీ కాల్చి చంపారు. ఆ తర్వాత చాలాకాలం మా వీధుల్లో పొద్దుపోయాక ఆడపిల్లలను ట్యూషనుకు పంపలేదు. ఒకడి దగ్గర ఉందని రెండోవాడు, రెండోవాడి దగ్గర ఉందని మూడోవాడు, ఇలా ఊరికి ఊరే ఆ భయంలో చిక్కుకుంటుంది.

ఆ తర్వాత ఆరు వారాలకే, ఫిబ్రవరి 22న, అమెరికాలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్ల తూటాకు బలయ్యాడు. మీ దేశం పొమ్మని అరుస్తూ కాల్చాడు ఆ మనిషి. అక్కడే ఉన్న ఇయాన్ గ్రిలట్ అనే 24 ఏళ్ల యువకుడు చేతిలో ఏమీ లేకుండా లేచి వాణ్ని పట్టుకోబోయాడు. అతనికీ తూటా తగిలింది, బతికాడు. పిరికితనానికి, తుపాకీకి మధ్య ఇంకో చోటు ఉందని అతన్ని చూస్తే తెలుస్తుంది. అందరినీ అలా చెయ్యమని అడగలేం. అయితే ధైర్యం ఆయుధంలోంచే వస్తుందనే మాట మాత్రం నిజం కాదు.

బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్న 1956లోనే అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకీ అనుమతికి దరఖాస్తు పెట్టుకున్నాడు. అధికారులు ఇవ్వలేదు. నల్లవాడికి ఎందుకిస్తారు? కొన్నాళ్లకు ఆయన ఇంట్లో ఉన్న ఆయుధాన్నీ వదిలేశాడు. కింగ్ పుట్టుకతో అహింసావాది అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మావాడిలాగే ఆయనా ముందు లైసెన్సే అడిగాడు, ఆ తర్వాతే ఆలోచనలో మారాడు. వదిలింది తుపాకీనే గాని పోరాటాన్ని కాదు.

మూడో రాత్రి ఆ నియమాన్ని మొదటినుంచి మళ్లీ చదివాను. మావాడు అయిదో అంశం దగ్గర వేలు పెట్టాడు గాని దానికి ముందు నాలుగున్నాయి. మొదటిది, అత్యాచారం జరగవచ్చని తోచిన ప్రాంతాన్ని ప్రభుత్వం గుర్తించాలి. రెండోది, అక్కడి శాంతిభద్రతలను అధికారులు సమీక్షించాలి. మూడోది, అవసరమైతే ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులు రద్దుచేసి, ఆ ఆయుధాలను ప్రభుత్వం దగ్గర పెట్టించాలి. నాలుగోది, దొంగ ఆయుధాలను స్వాధీనం చేసుకోవాలి, వాటి తయారీని ఆపాలి. ఆ తర్వాతే అయిదోది. అమెరికాలో రెండు గుంపులు ఎదురెదురుగా నిలబడి అరుస్తున్న రెండు కోరికలూ మన నియమంలో వరుసగా ఉన్నాయి. ముందు బలవంతుడి చేతిలోది దించు, అప్పటికీ కుదరకపోతే బలహీనుడి చేతికివ్వు.

ఈ వరుసే నాకు ధమ్మానికి దగ్గరగా కనిపించింది. శాక్యులకు, కోలియులకు రోహిణి నీళ్ల దగ్గర తగవు వచ్చినప్పుడు సిద్ధార్థుడు యుద్ధాన్ని వ్యతిరేకించాడని బాబాసాహెబ్ రాశారు. అతను ఊరికే వద్దనలేదు. మనవైపు ఇద్దరు, వాళ్లవైపు ఇద్దరు, ఆ నలుగురూ ఎంచుకున్న అయిదోవాడు, అందరూ కూర్చుని తేల్చాలని దారి చూపాడు. సంఘం ఓటుతో ఓడిపోయినా మాట మార్చుకోలేదు, ఇల్లు వదిలాడు. లక్ష్మీపేటలో భూమి, రోహిణి దగ్గర నీళ్లు. తగవు తేల్చేవాడు లేకపోతే రెండు చోట్లా ఆయుధమే తేలుస్తుంది. అందుకే ఆ తేల్చేవాణ్ని రప్పించడమే మన మొదటి పోరాటం. 1928లో వి.వి. గిరి నాయకత్వంలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు హింస లేకుండా సమ్మె చేసి కంపెనీని దిగివచ్చేలా చేశారు. ఒక్కడి చేతిలో తుపాకీ లేకపోయినా వేలమంది ఒక్క మాటమీద ఉన్నారు.

నాలుగో రోజు ఇద్దరం కూర్చుని అర్జీ మళ్లీ రాశాం. ఒక్కడి పేరు తీసేసి అయిదు కుటుంబాల పేర్లూ పెట్టాం. భూమి సర్వే చేసి హద్దురాళ్లు వెయ్యాలి. ఊరిని అత్యాచారాలు జరగగల ప్రాంతంగా గుర్తించాలి. అవతలివాళ్ల దగ్గరున్న లైసెన్సు తుపాకీ జమ చేయించాలి. దొంగ ఆయుధాల కోసం సోదా చెయ్యాలి. ఇవేవీ చెయ్యకపోతే అయిదో అంశం ప్రకారం మాకు లైసెన్సు ఇవ్వాలి. ఈ ఆఖరి వాక్యం కొట్టెయ్యమని నేను అడగలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పింఛను తీసుకుంటూ ఆ ఊళ్లో పడుకునేవాడికి ఆ మాట చెప్పే హక్కు నాకు లేదు. వాడూ కొట్టెయ్యలేదు. "ముందు పైవాటి కోసం తిరుగుతాన్లే మావయ్యా" అన్నాడు.

సర్వేయరు ఒకసారి వచ్చి గొలుసు వేసి వెళ్లాడట. రాళ్లు ఇంకా పడలేదు. ఆదివారం వందన అయ్యాక వాడికి ఫోను చేస్తాను. రాత్రి ట్రాక్టరు వచ్చిందా అని ముందు అడుగుతాను. ఆ తర్వాతే మిగతా మాటలు.