చప్పట్లలో వంతు

సూరత్ నుంచి ముంబై వైపు వెళ్లే రైలుకు ఉధనా దాటగానే తగిలే స్టేషను భేస్తాన్. పక్కనే పాండేసరా పారిశ్రామికవాడ, చుట్టూ సాంచెల (మరమగ్గాల) కార్ఖానాలు. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి షిఫ్టులో ఇక్కడ ఒకటే సీను: సాంచె ఫ్రేముకు ఆనించిన ఫోను, అందులో ఐపీఎల్, సౌండ్ లేకుండా. పెట్టినా లాభం లేదు. వరసగా సాంచెలు కొట్టుకుంటుంటే పక్కవాడు ఏమంటున్నాడో పెదవుల కదలికను బట్టే పోల్చుకోవాలి. పోగు తెగి సాంచె ఆగితే అతికి మళ్లీ నడిపేలోగా అక్కడ వికెట్ పడిపోయి ఉంటుంది. సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. ఆ ఇళ్లలో అభిమానం గుజరాత్ టైటాన్స్‌కూ సన్‌రైజర్స్‌కూ మధ్య చీలి ఉంటుంది.

మీటరు లెక్కన పగారు తీసుకునే మనిషికి రేటు గొడవంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఏ దేశంలోనో ఆటగాళ్లు జీతాల పేచీతో ఆట మానేశారని వింటే అతనే ముందు అంటాడు: ‘కోట్లు తీసుకుంటూ ఇంకా ఏం రోగం వీళ్లకి?’ ఆ మాటలో అసూయ కంటే అమాయకత్వమే ఎక్కువ. అయినా దాని వెనక ఒక పాత ధర్మసందేహం ఉంది. ఆట ఆడేవాడికీ ఆడించేవాడికీ మధ్య కూలి తగవు వచ్చినప్పుడు, డబ్బిచ్చి చూసేవాడు బయటివాడేనా, లేక ఆ లెక్కలో అతనికీ ఒక వంతు ఉందా?

ఈ ప్రశ్నకు సూరత్‌లో జవాబు దొరికే చోటు క్రికెట్ మైదానం కాదు, జైన ఉపాశ్రయం. కర్మ మనిషికి ఎన్ని దారుల్లో అంటుకుంటుందో తత్త్వార్థ సూత్రం ఆరో అధ్యాయంలో ఉమాస్వాతి లెక్కగట్టాడు. పని తలపెట్టడం, దానికి సరంజామా కూర్చుకోవడం, మొదలెట్టడం అని మూడు దశలు. మనసు, మాట, శరీరం అని మూడు సాధనాలు. తాను చేయడం, ఒకరిచేత చేయించడం, చేసినదాన్ని ఆమోదించడం అని మూడు తీరులు. క్రోధ, మాన, మాయా, లోభాలనే నాలుగు కషాయాలు. అన్నీ గుణిస్తే 108. ఇందులో మూడో తీరు, అంటే వేలు కదపకుండా ‘బాగుంది’ అనుకోవడం, జైనులకు చిన్న సంగతి కాదు. పర్యూషణ రోజుల్లో ఎనిమిది నాళ్లు నీళ్లు మాత్రమే తాగి ఉపవాసం చేసినవాళ్లను ఊరేగిస్తుంటే, ఒక్క పూట కూడా ఉండలేనివాళ్లు ఎదురొచ్చి ‘ఖూబ్ ఖూబ్ అనుమోదనా’ (మనసారా ఆమోదం) అంటారు. మనస్ఫూర్తిగా అంటే ఆ పుణ్యంలో తమకూ భాగముంటుందని నమ్మకం. మన పెద్దలూ ఆ మాటే మరో రకంగా చెప్పారు: చేసినవాడు, చేయించినవాడు, ఎగదోసినవాడు, ఔనన్నవాడు నలుగురూ ఫలితంలో భాగస్థులే.

క్రీడాభిమాని ఈ సిద్ధాంతాన్ని సగం మాత్రమే పాటిస్తాడు. కప్పు వస్తే ‘మనం గెలిచాం’ అంటాడు. అతను బంతి వేయలేదు, బ్యాటు పట్టలేదు. అనుమోదన బలంతోనే గెలుపులో వాటా తీసుకున్నాడు. అదే జట్టు యాజమాన్యం జీతాలు ఎగ్గొడితే మాత్రం అది ‘వాళ్ల’ గొడవ. పుణ్యానికి భాగస్థుడై, పాపానికి పరాయివాడు కావడం ఏ శాస్త్రంలోనూ కుదరదు.

తెలుగువాళ్లకు ఈ పరీక్ష ఇప్పటికే రెండుసార్లు ఎదురైంది. మొదటిది డెక్కన్ ఛార్జర్స్. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి గిల్‌క్రిస్ట్ జట్టు ఐపీఎల్ గెలిచింది. మూడేళ్లు తిరిగేసరికి యజమాని కంపెనీ అప్పుల్లో మునిగింది. ఆటగాళ్లకు డబ్బు సమయానికి అందడం లేదన్న ఫిర్యాదులు బయటికొచ్చాయి. 2012 సెప్టెంబరు 14న బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది. మరుసటి నెలలోనే హైదరాబాద్ జట్టు సన్ టీవీ చేతికి వెళ్లింది, ఏడాదికి 85.05 కోట్ల లెక్కన. 2013 వేసవికి అభిమానులు కొత్త రంగు వేసుకున్నారు. పాత బాకీల మాట ఎత్తినవాళ్లు కనపడలేదు. కొచ్చి టస్కర్స్ కథ ఇంకా మొరటుది. ఒక్క సీజన్ ఆడి 2011లోనే రద్దయిన ఆ జట్టు నుంచి తమకు 35 శాతం డబ్బు ఇంకా రావాలని పదేళ్ల తర్వాత, 2021లో, ఆ జట్టుకు ఆడిన బ్రాడ్ హాడ్జ్ బహిరంగంగా అడగాల్సి వచ్చింది.

రెండోది ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిసింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. ఇండియన్ సూపర్ లీగ్ కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. 2023-24 సీజన్ వచ్చేసరికి జీతాలు ఆగిపోయాయి. బకాయిల వల్ల కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు, పేరున్న మనవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో 22 మ్యాచ్‌లు పూర్తిచేశారు: ఒక గెలుపు, ఎనిమిది పాయింట్లు, పట్టికలో అట్టడుగు. 2024లో యాజమాన్యం మారింది, 2025లో క్లబ్బే ఢిల్లీకి వెళ్లి పేరు మార్చుకుంది. ఇక్కడ ‘కోట్లు చాలవా’ అనడానికి వీల్లేదు. గచ్చిబౌలి స్టేడియంలో ఆ కుర్రాళ్ల పరిస్థితికీ, దీపావళి ముందు లెక్క తేలక సేఠు గుమ్మం ముందు నిలబడే మనిషి పరిస్థితికీ పెద్ద తేడా లేదు.

పెద్ద జీతాల సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే అభిమాని కోపం ఎక్కువగా రగిలేది అక్కడే. అమెరికా బేస్‌బాల్‌లో 1994 ఆగస్టు 12న సమ్మె మొదలైంది. జీతాలకు పరిమితి పెడతామని యజమానులు, ఒప్పుకునేది లేదని ఆటగాళ్లు. 232 రోజులు ఆట లేదు. 1904 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ రద్దయింది. అప్పటికి ఆటగాడి సగటు జీతం ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది కాబట్టి జనం జాలిపడలేదు. ఆట మళ్లీ మొదలయ్యాక, 1995 ఏప్రిల్‌లో న్యూయార్క్ షే స్టేడియంలో ముగ్గురు కుర్రాళ్లు ‘దురాశ’ అని రాసిన టీషర్టులు వేసుకుని మైదానంలోకి దూకారు. ఆటగాళ్ల కాళ్ల దగ్గర డాలర్ నోట్లు చల్లారు. యజమానులు కూర్చునే అద్దాల గది వైపు ఒక్క నోటూ ఎగరలేదు. అంతకు నెల ముందే జడ్జి సోనియా సోటొమేయర్ తప్పు యజమానుల వైపు ఎంచి, పాత నిబంధనలే కొనసాగించాలని ఆదేశించింది. సమ్మె ముగిసింది ఆ ఉత్తర్వుతోనే. కోర్టు ఒకరిని తప్పుపట్టింది, గ్యాలరీ మరొకరిని శిక్షించింది.

శిక్ష మాత్రం గట్టిదే. ఆ ఏడాది స్టేడియంలకు వచ్చేవాళ్లు సుమారు 20 శాతం తగ్గారు. పాత సగటు తిరిగి రావడానికి పదేళ్లకు పైనే పట్టింది. సమ్మె నాటికి 74 గెలుపులు, 40 ఓటములతో అందరికంటే ముందున్న మాంట్రియల్ ఎక్స్‌పోస్ ఆ తర్వాత కోలుకోలేదు. 2004 తర్వాత ఆ జట్టు వాషింగ్టన్‌కు తరలిపోయింది. అభిమాని జేబుకు బలం లేదనడం తప్పు. ఆ బలం ఎవరి మీద పడుతుందో చూసుకోకపోవడమే చిక్కు.

చూసుకున్న ఊరు ఒకటుంది. 1987లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు సమ్మెకు దిగితే, యజమానులు బదులు ఆటగాళ్లను తెచ్చి మూడు వారాలు మ్యాచ్‌లు నడిపారు. అక్టోబరు 4న ఫిలడెల్ఫియాలో, 65 వేలకు పైగా పట్టే స్టేడియంలో కూర్చున్నది 4,074 మంది. అది కార్మిక సంఘాల ఊరు. టీమ్‌స్టర్స్ యూనియన్‌వాళ్లు గేట్ల దగ్గరే నిలబడ్డారు. సమ్మెలో మరొకరిని తెచ్చి పని నడిపించడం అంటే ఏమిటో తమ కార్ఖానాల్లో చూసినవాళ్లు, టికెట్టు జేబులో ఉన్నా లోపలికి వెళ్లలేదు. అయినా సమ్మె 24 రోజులకు ఓడిపోయింది. గేటు దగ్గర జనం ఆగారు గానీ టీవీ ప్రసారం ఆగలేదు.

ఆ టీవీయే ఇప్పుడు అసలు గేటు. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి, ఏడాదికి 9,678 కోట్లు. 2025లో ఒక్కో జట్టు వేలంలో ఆటగాళ్లపై ఖర్చుపెట్టగలిగే పరిమితి 120 కోట్లు. పది జట్లకు కలిపి 1,200. అంటే ఒక్క ప్రసారాల ఆదాయంలోనే చూసినా ఆటగాళ్ల వంతు ఎనిమిదో భాగం. మ్యాచ్ ఫీజులు కలిపినా లెక్క పెద్దగా మారదు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో లీగ్ ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లది. సాంచె పక్కన ఫోను పెట్టుకున్న మనిషి ఈ 48,390 కోట్లలో తన పైసలు ఎక్కడున్నాయో వెతుక్కోలేడు. 2023లో అతనికి ఐపీఎల్ ఉచితం. 2025లో 299 రూపాయల రీఛార్జితో పాటు వచ్చింది. ఇంటికి ఫోన్ చేసుకోవడానికి కట్టిన డబ్బులో క్రికెట్ ఎంతో అతనికి తెలియదు. తెలియని చోట ఆమోదం ఎలా అంటుతుంది? మనసు కలవందే కర్మ గట్టిపడదని జైనులే అంటారు. కాబట్టి రీఛార్జి చేయించినందుకు అభిమానిని దోషిని చేయడం అన్యాయం. అతని వంతు డబ్బులో లేదు. తగవు వచ్చిన రోజు ఎవరిని తిడతాడో, ఎవరి పక్షాన నోరు విప్పుతాడో అందులో ఉంది.

సూరత్ నేతగాడికి ఈ సంగతి మరో వైపు నుంచి బాగా తెలుసు. 2020 ఏప్రిల్ 10 రాత్రి, లాక్‌డౌన్‌లో, పగారు ఇవ్వండి, ఊరికి పంపండి అంటూ లస్కానా ప్రాంతంలో కార్మికులు రోడ్డెక్కారు. వాళ్లలో ఎక్కువమంది ఒడియావాళ్లు. ఆ చేతులు నేసిన పాలిస్టర్ చీరలు హైదరాబాద్, విజయవాడ దుకాణాల్లో రోజూ అమ్ముడుపోయేవే. కట్టుకున్నవాళ్లు ఆ వార్త విని అయ్యో అన్నారో, లేక రోడ్డెక్కి రోగం అంటిస్తున్నారని తిట్టుకున్నారో ఎవరి మనసుకు వాళ్లే సాక్షి. క్రికెటర్‌కు నేతగాడు ఏమవుతాడో, నేతగాడికి ఆ చీర కొన్న మనిషీ అదే అవుతుంది.

వంతు ఉందంటే అడిగే హక్కు కూడా ఉండాలి కదా. దీనికి గుడి ఒక్కటే మనకు దగ్గరి పోలిక. తిరుమలలో మిరాశీ అర్చకులకు పూర్వం కానుకల్లో, ప్రసాదాల్లో వంతు ఉండేది, లీగ్ ఆదాయంలో ఆటగాళ్లు అడిగే వాటా లాంటిదే. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం ఆ వంశపారంపర్య హక్కులు తీసేసి జీతాలు పెట్టింది; 1996లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తగవు నడిచినంత కాలం కొండమీద క్యూ తగ్గలేదు, ఎందుకంటే భక్తుడు వచ్చేది దేవుడి కోసం. అభిమానీ అంతే, జట్టు అనే మూర్తి కోసం వస్తాడు. దాన్ని మోసే చేతులు మారినా గమనించడు. కానీ భక్తుడికి ఒక వెసులుబాటు ఉంది. ధర్మసంస్థ డబ్బు దారి తప్పుతోందనిపిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ వర్తించే చోట, దాని కింద సంబంధం ఉన్న ఇద్దరు కోర్టు అనుమతితో దావా వేయొచ్చు. అభిమానికి అలాంటి సెక్షన్ లేదు. బీసీసీఐ చేసేది ప్రజాసంబంధమైన పనేనని 2015 జనవరి 22న సుప్రీంకోర్టు తేల్చింది. అది గొప్ప తీర్పే గానీ, ఫ్రాంచైజీ ఎగ్గొట్టిన జీతం గురించి టికెట్టు కొన్నవాడు అడగడానికి అది చాలదు.

మిగిలింది నోరు, కాళ్లు. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్‌లో అన్నిటికంటే ఖరీదైన టికెట్టు 77 పౌండ్లు చేస్తామన్నందుకు, 77వ నిమిషంలో సుమారు పది వేలమంది లేచి వెళ్లిపోయారు. అప్పటికి 2-0తో ముందున్న జట్టు చివరికి 2-2తో సరిపెట్టుకుంది. కొద్దిరోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. ఇక్కడ ఒక నిజం దాచకూడదు: వాళ్లు లేచింది తమ జేబు కోసం. మరొకరి కూలి కోసం గ్యాలరీ లేచిన దాఖలాలు చాలా తక్కువ. కెనడా, అమెరికాల ఐస్ హాకీ లీగ్‌లో యజమానుల లాకౌట్ వల్ల 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. మరుసటి ఏడాది జనం అలిగి ఇంట్లో కూర్చుంటారనుకుంటే హాజరు రికార్డు కొట్టింది. ఆకలి మీద ఉన్న అభిమానికి ఆట తిరిగి రావడమే ముఖ్యం. ఒప్పందంలో ఎవరు ఎంత నష్టపోయారన్నది కాదు.

మన ఐపీఎల్‌లో ఆ తగవు ఆట ఆగిపోయేదాకా ఇంకా రాలేదు. వస్తే ఆటగాళ్ల తరఫున మాట్లాడేదెవరు? 2019లో ఏర్పడ్డ ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ మాజీలది. ఇప్పుడు ఆడుతున్నవాళ్లకు అందులో చోటు లేదు. ఆస్ట్రేలియాలో 2017 జూన్ 30న కాంట్రాక్టులు ముగిసి సుమారు 230 మంది ఆటగాళ్లు నెలకు పైగా ఉద్యోగం లేకుండా ఉన్నప్పుడు, వాళ్ల సంఘం రోజూ బోర్డుకు సమాధానం చెప్పింది. ఆదాయంలో వాటా పద్ధతిని నిలబెట్టుకునే ఆగస్టు 3న ఒప్పందానికి వచ్చింది. అక్కడి అభిమానికి రెండు వైపుల మాటా వినే వీలు దొరికింది. ఇక్కడ మాత్రం మొదటి ప్రెస్ నోట్ బోర్డుది, రెండోది ఫ్రాంచైజీది, మూడోది ప్రసార సంస్థది. భేస్తాన్‌లో రాత్రి షిఫ్టు మనిషి ఫోనుకు చేరేవి ఆ మూడే.