వేడి చారు ఏ డబ్బాలో?

వడమాలపేట నుంచి పుత్తూరుకో తిరుపతికో పనికి పోయే మీ సంచిలో ఈ పొద్దు కూడా సద్ది డబ్బా ఉంటుంది. మూత పెట్టేటప్పటికి లోపల అన్నం ఇంకా పొగలు కక్కుతూనే ఉంటుంది. ఆ డబ్బా ప్లాస్టిక్‌దైతే ఒకసారి అడుగు చూడండి. చిన్న త్రికోణంలో అంకె ఉంటుంది. 5 అంటే పాలీప్రొపిలీన్, కాస్త వేడికి ఓర్చుకునే రకం. 1 అంటే నీళ్ల సీసాలు చేసే పెట్. అందులో వేడి చారు పోయనేకూడదు. వేడి, నూనె, పులుపు తగిలితే ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి ఎక్కువగా దిగుతాయి. మన చింతపండు చారులో, మామిడికాయ ఊరగాయలో ఆ మూడింట్లో రెండైనా ఉంటాయి కదా!

మా అవ్వ ఊరగాయను జాడీలోనే పెట్టి, గుడ్డతో వాసెన కట్టేది. ఏడాది తరవాత కడిగినా జాడీకి కారం రంగు అంటేది కాదు. గాజూ అంతే. ఇసుక, సోడా, సున్నపురాయి కరిగించి చేసిన గాజు పులుపుకు లొంగదు. తిరుమల కొండమీద ప్లాస్టిక్ సీసాలు మానిపించి, నీళ్లు గాజు సీసాల్లో అమ్ముతున్నారు.

అయితే గాజు బరువు, పగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి వేడినీళ్లు పోస్తే మామూలు గాజు చిట్లుతుంది, బోరోసిలికేట్ గాజు తట్టుకుంటుంది. బడికి పోయే బిడ్డ చేతికి నేనైతే స్టీలు డబ్బానే ఇస్తాను. కందిపప్పు, చెనిక్కాయలు పోసుకునే ప్లాస్టిక్ డబ్బాలు పారేయనక్కర్లేదు. గీతలు పడి, పసుపు పట్టిన డబ్బాలో మాత్రం ఈ పొద్దు వేడి కూర పెట్టకండి.