పొగ ఎక్కడికి పోయింది?

మియాపూర్ నుంచి ఎయిర్‌పోర్టుకి ఎలక్ట్రిక్ బస్సెక్కినప్పుడల్లా నాకు కాస్త గర్వం. పొగ లేదు, చప్పుడు లేదు. 2019లో 40 బస్సులతో మొదలైంది హైదరాబాద్‌లో ఈ ముచ్చట.

కానీ పగలంతా తిరిగిన బస్సు ప్రధానంగా ఛార్జింగ్ పెట్టుకునేది రాత్రి, డిపోలో. డిపో కప్పు నిండా సోలార్ పలకలు పరిచినా రాత్రికి ఎండ ఉండదు కదా! అప్పుడొచ్చే కరెంటులో ఎక్కువ భాగం రామగుండం, పాల్వంచ లాంటి చోట్ల బొగ్గు కాల్చి తీసిందే. నా వీధిలో పొగ తగ్గింది, సరే. వాళ్ళ డాబాల మీద పడే బూడిద?

డిపో డిజైన్ చేసేటప్పుడే మధ్యాహ్నం బస్సులు వంతులవారీగా ఆగి ఛార్జ్ అయ్యేలా ఛార్జర్లూ డ్యూటీ చార్టులూ కలిపి ఆలోచించొచ్చు. అందుకు ఇంకొన్ని బస్సులు కొనాలి. లేదా నేను స్టాపులో ఇంకో పది నిమిషాలు నిలబడాలి.

నిలబడతానా? మే నెల ఎండలో అయితే, నిజం చెప్పాలంటే, ఆటో పిలుస్తాను.