చిత్రశాల యూరు విడువవచ్చునా?

ఒక కుటుంబము తరతరముల ధనమును శ్రద్ధను వెచ్చించి చిత్రపటములను కూర్చి, వానిని పదిమందికి చూపుటకై తన లోగిలియందే చిత్రశాల నెలకొల్పినదనుకొందము. ఊరి పెద్దలు దానిని లెక్కసేయరు. స్థలము చాలదు, సాయమడిగిన పలుకువారు లేరు. ఇట్టియెడ కళయన్న నాదరము గల వేఱొక పట్టణము రమ్మని పిలిచినచో ఆ కుటుంబము పోవచ్చునా? పోవుట ద్రోహమా, ఉండుట మౌఢ్యమా? ఈ ప్రశ్న పైకి ధనికుల యింటి ముచ్చటవలె తోచును గాని, విచారించి చూచిన మనలో ననేకుల జీవితములకు సంబంధించినదే యని మా తలంపు.

ఇందులకు ఐరోపాఖండమున జరిగిన యొక యుదంతము చక్కని యుదాహరణము. స్విట్జర్లాండు దేశమున లుగానో సరస్సు గట్టున విల్లా ఫావరీటా యను మేడ కలదు. హైన్రిక్ థిస్సెన్ బోర్నెమిస్సా యను శ్రీమంతుడు 1932లో దానిని కొని, తాను సేకరించిన ప్రాచీన చిత్రములను అందుంచెను. 1947లో ఆయన మరణింపగా పటములు వారసుల మధ్య పంపకమైనవి. కుమారుడు హాన్స్ హైన్రిక్ తోబుట్టువుల వాటాలనుండి పెక్కింటిని వెలయిచ్చి మరల కొని, ఆధునిక చిత్రములను గూడ చేర్చి, ఆ నిధిని పెంచెను. మేడ యిఱుకైనది. దానిని విస్తరింపబూనగా అచ్చటి యధికారులనుండి తగిన సాహాయ్యము దొరకలేదు. అంతట ఇంగ్లండు మొదలగు పలుదేశములు ఆ పటములకై ముందునకు వచ్చినవి. తుదకు 1988లో స్పెయినుతో నెరవు ఒడంబడిక కుదిరినది. మాడ్రిడ్ నగరమున, సుప్రసిద్ధమైన ప్రాడో చిత్రశాలకు చేరువనున్న విల్లాహెర్మోసా సౌధమును రఫాయెల్ మోనియో యను వాస్తుశిల్పి తీర్చిదిద్దగా, 1992లో అందు చిత్రశాల తెరవబడెను. మరుసటి యేట స్పెయిను ప్రభుత్వము 775 కళాకృతులను 35 కోట్ల డాలర్లకు కొనెను.

ఇట్లు తరలించుట న్యాయమనువారు మొదట చెప్పుమాట స్వామిత్వము. "వస్తువు వారిది, వారి యిష్టము" అందురు. ఈ మాట మాకు తృప్తి గలిగింపదు. ఒకసారి ప్రజలకు తలుపు తెరచిన పిమ్మట పటము పెట్టెలోని నగవంటిది కాదు. మన ధర్మశాస్త్రములు నిక్షేపమును గూర్చి ప్రత్యేకముగా విధించినవి: ఒరులు నమ్మి యుంచిన సొమ్మును తన సొమ్మువలె కాపాడవలెను గాని తన సొమ్ముగా వాడరాదు. చిత్రకారుడు గతించెను, చూడవలసినవారిలో పెక్కురింకను పుట్టలేదు. ఆ యిరువురి నడుమ కుటుంబము నిక్షేపమును కాపాడు చేయి మాత్రమే. కావున "మా యిష్టము" అను సమాధానము చాలదు. పటములకేది క్షేమము, చూచువారికేది న్యాయము అని యడుగుకొనవలెను.

రెండవ వాదము బలమైనది. ఆదరము లేనిచోట కళ క్షీణించును. ఆదరించువారియొద్దకు చేర్చుట పాత్రదానమే యందురు. ఇది కొంతవఱకు సత్యము. అయితే ఊరాదరింపలేదని తీర్పు చెప్పువారెవరు? సాయము నిరాకరించినది సభలోని పదిమంది పెద్దలు. ఊరనగా వారు మాత్రమే కారు. సెలవునాడు తల్లి చేయిపట్టుకొని వచ్చి యొకే పటము నెదుట చాలసేపు నిలిచిపోవు బాలికయు ఊరిలోనిదే. సభలో ఆమెకు మాటలేదు. పటములు పోయిన పిమ్మట దూరనగరమునకు పోవుటకు ఆమెకు దారిబత్తెము లేదు. తరలింపువలని నష్టము నిరాకరించినవారికంటె, ప్రేమించియు నోరులేనివారికే యెక్కువగా తగులును. పెద్దల యపరాధమునకు పిల్లలను దండించుట ఏ నీతి?

మరియు కళాప్రియమైన నగరమనగా ఇదివఱకే కళాసంపద గల నగరమగుటయే తఱచు. మాడ్రిడ్‌లో ప్రాడో యుండనే యున్నది. దీపములున్న యింటికే మరియొక దీపము చేరినది. ప్రతి కుటుంబమును ఇట్లే తలంచినచో పెద్ద నగరములు నిండుచు, చిన్నయూళ్లు అడుగంటుచుండును. అడుగంటిన యూళ్లను చూపి "ఇచ్చట రసికులు లేరు" అని మనమే యందుము. రసికత చూడగా చూడగా కలుగునది గదా!

అట్లని హాన్స్ హైన్రిక్‌ను మేము నిందింపము. తండ్రి మరణముతో ఆ నిధి చీలుట ఆయన కన్నులార చూచెను. తన యనంతరము మరల చీలరాదనునది ఆయన ముఖ్యాశయములలో నొకటి. చీలిపోయినచో పటములనేకము ఒక్కొక్క ధనికుని పడకగదికి చేరి, ఏ యూరి బాలికకును దక్కకుండెడివి. చెదరిపోవుటయా తరలిపోవుటయా యను సంకటమున తరలిపోవుటయే ధర్మము. ఆదరము తక్కువయన్న కినుకతో మాత్రమే తరలుట వేఱు. ఈ భేదమును గుర్తింపకున్న మన ప్రశ్న తేలదు.

మన తెలుగునాట వేఱొక మార్గము త్రొక్కినవారును కలరు. దామెర్ల రామారావు 1897లో జన్మించి, రాజమహేంద్రవరము కళాశాలాధ్యక్షుడు కూల్డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయి జె.జె. కళాశాలలో చిత్రలేఖనము నభ్యసించెను. పిమ్మట గోదావరి యొడ్డునకే మరలివచ్చి, శిష్యులను చేరదీసి, తన యూరికి చూపు నేర్పబూనెను. 1925లో మరణించునాటికి ఆయనకు ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. ఆయన పేరిటి చిత్రశాల నేటికిని రాజమహేంద్రవరముననే కలదు. ఆదరము గల చోటును వెదకుటకంటె ఉన్నచోట ఆదరమును పెంచుట కష్టతరము. అయినను అదియే యూరికి మిగులును.

కావున మా నిర్ణయమిది. తరలదలచిన కుటుంబము మొదట ఊరిని బహిరంగముగా నడుగవలెను. పురపాలక సభను మాత్రమే గాక బడిని, గ్రంథాలయమును, స్త్రీసమాజమును అడుగవలెను. ఒక చందాయో, ఒక గదియో, వారమునకొక దినము కావలియో యిచ్చువారుందురేమో చూడవలెను. ఎవరును లేరని తేలి, నిలుచుటవలన పటములకే హాని యని తోచినపుడు పోవచ్చును. ఊరివారికిని ఒక మాట: పటములను బండ్ల కెత్తునాడు కన్నీరు పెట్టుట యాదరము కాదు. తలుపు తెరచియున్న దినములలో పిల్లలను తీసికొనిపోయి చూపుటయే యాదరము.

చదువుకొని పల్లె విడిచి పట్టణము చేరిన మన కందఱకును ఈ ప్రశ్న తగులుచున్నది. అచ్చట బ్రతుకు చెదరునని వచ్చితిమా, మన విద్యకు విలువలేదని వచ్చితిమా? రెండవదైనచో పల్లెకు మనమింకను ఋణపడియున్నాము. వేసవి సెలవులకు పోవునపుడు పది పుస్తకములను, నాలుగు చిత్రములను వెంట గొనిపోయి అచ్చటి బడిలో నుంచిన, ఆ ఋణము తీర్చుట కారంభమగును.