నేను తాగలేదు, కానీ పోశాను



కచుడు, దేవయాని కథ మీద చేసిన వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు. "పండక్కో పబ్బానికో ఒక్కరోజు తాగితే తప్పేంటండీ? ఎవరికీ అపకారం చెయ్యట్లేదు కదా?" అని. వీడియోలో రెండు ముక్కలు చెప్పి తప్పించుకునే ప్రశ్న కాదిది. పైగా ఈ విషయంలో నాకో బాకీ ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కనుమ నాటి తెల్లవారుజాము

మాది కోనసీమలో కొత్తపేట దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళం అందరం ఇంటికి చేరతాం. రెండేళ్ళ కిందట మా మేనత్త కొడుకు, అంటే నాకు బావ, హైదరాబాద్ నుంచి వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బీపీ లేదు, షుగర్ లేదు. రోజూ తాగే అలవాటూ లేదు. ఏ రెణ్ణెల్లకో ఫ్రెండ్స్‌తో ఒకట్రెండు బీర్లు, అంతే.

ఆ ఏడు ఆయన వచ్చింది ముఖ్యంగా జగ్గన్నతోట ప్రభల తీర్థం కోసం. కనుమ రోజు చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద ఆ కొబ్బరితోటకి తరలివస్తారు. గంగలకుర్రు వాళ్ళు ప్రభని భుజాలకెత్తుకుని కౌశికలోకి దిగి దాటిస్తుంటే గట్టు మీద నిలబడ్డవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఢిల్లీ వెళ్ళిన మన రాష్ట్ర శకటం ఈ తీర్థానిదే. చిన్నప్పుడు తాతయ్య భుజం మీద కూర్చుని చూశాట్ట బావ. మళ్ళీ చూడాలని సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు.

సంక్రాంతి రాత్రి డాబా మీద కూర్చున్నాం. నేను తాగను. కానీ ఇంటికొచ్చిన బావకి మర్యాద చెయ్యాలి కదా, అందుకని సీసా నా చేతిలోనే ఉంది. రెండు పెగ్గులయ్యాక "చాల్రా" అన్నాడు. "పండగ బావా, ఒక్కరోజేగా" అన్నాను. కాసేపాగి మళ్ళీ చాలన్నాడు. నేను మళ్ళీ పోశాను. మొత్తం ఆరు. పోసింది నేనే కాబట్టి లెక్క నాకే బాగా గుర్తుంది.

తెల్లవారుజామున నాలుగింటికి నన్ను తట్టి లేపాడు. "ఒరేయ్, గుండెల్లో ఏదో పిట్ట కొట్టుకుంటున్నట్టుందిరా" అన్నాడు. మణికట్టు పట్టుకుని చూశాను. నాడి ఒక వరసలో లేదు. రెండు కొట్టి ఆగుతోంది, మళ్ళీ నాలుగు గబగబా కొడుతోంది. కారులో అమలాపురం తీసుకెళ్ళాం. ఈసీజీలో నిమిషానికి 150 దాటింది. డాక్టరుగారు మొదట అడిగిన మాట, "రాత్రి ఏమైనా తీసుకున్నారా?" బావ నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

మందులు ఎక్కించాక మధ్యాహ్నానికి గుండె మళ్ళీ దారిలో పడింది. ఆ వేళకి జగ్గన్నతోటలో జనం నిండిపోయి ఉంటారు. బావ మాత్రం మానిటర్ మీద గీతలు చూస్తూ పడుకున్నాడు. వరండాలో మా అత్తయ్య నన్ను తిట్టలేదు. ఒక్క మాట అడిగింది. "నువ్వు తాగవు గదరా. మరి ఆడికెందుకు పోశావు?"

గుండెకి పండగ తెలీదు

బావకి వచ్చిన దాని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదుల్లో ఒకచోట పుట్టే విద్యుత్ సంకేతం ఒక తాళంలో కిందికి దిగుతుంది. ఆ తాళం తప్పితే పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా ఊరికే వణుకుతాయి. అలా వణికే గదిలో రక్తం నిలవ ఉండి గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకి వెళితే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి పక్షవాతం వచ్చే ముప్పు మామూలు కంటే సుమారు ఐదు రెట్లని వైద్యులు చెబుతారు.

మద్యం నేరుగా ఆ తాళం మీదే దెబ్బ కొడుతుంది. గుండెని నడిపే నరాల సమతూకం చెడుతుంది. ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం తగ్గొచ్చు. ఏళ్ళ తరబడి తాగితే పై గదుల గోడలు సాగి మచ్చలు కడతాయి.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1978లోనే అమెరికాలో ఫిలిప్ ఎటింగర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వారాంతాల తర్వాత, పండగల తర్వాత గుండె లయ తప్పి ఆసుపత్రికి వస్తున్నవాళ్ళని గమనించారు. దానికి 'హాలిడే హార్ట్' అని పేరు పెట్టారు. అంటే 'ఒక్కరోజేగా' అని మనం ధైర్యం చెప్పుకునే ఆ ఒక్కరోజు పేరే జబ్బుకి పెట్టారన్నమాట! 2015లో మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్‌లో 3 వేల మందికి పైగా ఈసీజీలు తీస్తే, దాదాపు 30 శాతం మందిలో తేడా కనబడింది. అందులో ఎక్కువ భాగం గుండె మరీ వేగంగా కొట్టుకోవడమే, నిజమే. కానీ వాళ్ళంతా పండగ చేసుకుంటున్న మామూలు మనుషులు.

"మితంగా తాగితే?" అంటారు. 2021లో అమెరికాలో, అప్పుడప్పుడూ ఈ జబ్బు వచ్చిపోయే 100 మందికి మద్యాన్ని, గుండె లయని కనిపెట్టే పరికరాలు తగిలించి చూశారు. ఒక్క డ్రింకు తర్వాతి నాలుగు గంటల్లో లయ తప్పే అవకాశం రెండింతలైంది. రెండు, అంతకు మించితే మూడింతలు. మంచి వార్త కూడా ఉంది. 2020లో ఆస్ట్రేలియాలో ఇలాంటి 140 మంది మీద ఆరు నెలలు పరిశీలన చేశారు. అలవాటు కొనసాగించినవాళ్ళలో 73 శాతం మందికి జబ్బు తిరగబెడితే, మానేయమన్నవాళ్ళలో 53 శాతం మందికే తిరగబెట్టింది. మానితే గుండె ఆ మేలు గుర్తుపెట్టుకుంటుంది.

యాదవులదీ ఒక్కరోజే

మౌసల పర్వం గుర్తుందా? ముసలం పుట్టాక ద్వారకలో ఎవరూ మద్యం కాయకూడదని చాటింపు వేయించారు. ఆ తర్వాత అందరూ కలిసి ప్రభాస తీర్థానికి వెళ్ళారు. తీర్థయాత్రే! అక్కడే కట్టు సడలింది. తాగారు, మాటామాటా పెరిగింది, తుంగ చేతికందింది, వంశం పోయింది. వాళ్ళూ 'ఒక్కరోజేగా' అనుకునే ఉంటారని నాకనిపిస్తుంది. నియమం విలువ తెలిసేది మామూలు రోజున కాదు, పండగ రోజునే.

శుక్రుడి వాటా, శిష్యుల వాటా

ఇక అత్తయ్య ప్రశ్న. నేను మనసులో చాలా వాదించుకున్నాను. ఆయన పెద్దవాడు, చదువుకున్నవాడు, నోరు ఆయనదే, ఇష్టం ఆయనదే. నా తప్పేముంది? నేనైతే ముట్టుకోలేదు కదా!

అప్పుడే శుక్రాచార్యుడి కథ కొత్తగా అర్థమైంది. కచుణ్ణి కాల్చి, ఆ బూడిద మద్యంలో కలిపి ఇచ్చారు రాక్షసులు. తాగింది గురువు, పోసింది ఆయన్ని కొలిచే శిష్యులు. గ్లాసులో ఏముందో తాగినాయనకి తెలీదు. నిజం తెలిశాక శుక్రుడు వాళ్ళ మోసాన్ని ఒక్కటే తప్పుపట్టి ఊరుకోలేదు. మద్యం మత్తు తన వివేకాన్ని ఎలా ముంచిందో ఒప్పుకుని, ఇకమీదట తాగినవాడికి మహాపాతకమని కట్టడి చేశాడు. తన వాటా తను తీసుకున్నాడు. పోసినవాళ్ళు మాత్రం తమ వాటా తీసుకున్నట్టు కథలో కనబడదు.

ఆ రాక్షసులకి తెలిసి పోశారు, నేను తెలియక పోశాను. నిజమే, అది చిన్న తేడా కాదు. కానీ 'చాలు' అన్న మాట రెండుసార్లు నా చెవిన పడింది. ఆ 'చాలు'ని కాదన్నాక ఇష్టం ఆయనది ఒక్కడిదే ఎలా అవుతుంది? నా నిష్ఠ నా గ్లాసు దగ్గరే ఆగిపోయింది, పక్కవాడి గ్లాసు దాకా వెళ్ళలేదు. నేను శుద్ధంగా ఉండి, ముప్పు ఇంకొకరికి వడ్డిస్తే అది నియమమా, అహంకారమా?

అసలు తప్పు మన మంచితనంలోంచే పుట్టింది. గోదావరి మర్యాదంటే అంతే కదండీ. చెయ్యి అడ్డం పెట్టినా నెయ్యి వేస్తాం, వద్దన్నా ఇంకో పూతరేకు పెడతాం. అన్నం దగ్గర ఆ బలవంతం ప్రేమ. అదే చేత్తో సీసా పట్టుకుని అదే బలవంతం చేశాం. చెయ్యి మారలేదు కాబట్టి ధర్మం కూడా మారలేదనుకున్నాం. అతిథి దేవుడైతే, దేవుడు చాలన్నాక పోసేవాడు భక్తుడెలా అవుతాడు?

ఇది బావతో అంటే నవ్వాడు. "నువ్వు పోస్తే మాత్రం ఏంట్రా, మింగింది నేనేగా" అన్నాడు. ఆయన వాటా ఆయన తీసుకున్నాడు. నా వాటా నేను తీసుకోవాలి కాబట్టే ఇది రాశాను.

మీకో మాట

తాగేవాళ్ళని చులకన చెయ్యమని చెప్పట్లేదు. ఈ సంక్రాంతికి ఒక్క నియమం పెట్టుకోండి. ఎవరైనా 'చాలు' అంటే రెండోసారి అడగొద్దు. తాగననేవాడిని ఆటపట్టించొద్దు. గుండె దడ, నాడి గతి తప్పడం, కళ్ళు తిరగడం, ఆయాసం ఉంటే గ్యాస్ అనుకుని పడుకోకండి, వెంటనే ఈసీజీ తీయించండి. రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం, డాక్టర్ సలహాతో మానండి.

కిందటి కనుమకి బావ మళ్ళీ వచ్చాడు. కౌశిక గట్టు మీద పక్కపక్కనే నిలబడ్డాం. ప్రభ నీళ్ళలోకి దిగుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. నేను మాత్రం దొంగచాటుగా ఆయన నాడి చూశాను. ఒక వరసలోనే కొట్టుకుంటోంది.

శుభం. వచ్చే వీడియోలో కలుద్దాం.