వాన పడితే మన ఖర్మా?



ఒక మాట మన నోళ్లలో ఇంకా తిరుగుతోంది. దీక్ష తీసుకున్నాం. ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేశాం. గోడ మీద తథాగతుడూ బాబాసాహెబూ ఉన్నారు. అయినా బస్సు తప్పిపోతే “మన ఖర్మ” అంటాం. వాన పడి ఫంక్షన్ చెడితే “మన ఖర్మ” అంటాం. ఊతపదమే కదా, దానికేముందిలే అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు.

ఇలా అనుకోండి. మీది మిర్యాలగూడ. శనివారం సాయంత్రం సూర్యాపేట నుంచి ఇద్దరు దోస్తులు వచ్చారు, కలిసి చాన్నాళ్లయింది. ఊళ్లో ఇంకొకాయన్ని కూడా ఎక్కించుకుని, నలుగురూ కారులో హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయి, హైవే దాబాలో తిని వచ్చేద్దాం అనుకున్నారు. (తిని అన్నాను, తాగి అనలేదు. పంచశీలం ఉంది కదా.) సగం దారిలో వాన అందుకుంది. ఎదుట కల్వర్టు మీద నీళ్లు పారుతున్నయి. “పోనియ్ రా, మోకాల్లోతు గూడ లేదు” అంటాడొకడు. వెనక సీట్లో ఉన్నాయన మెల్లగా “వెనక్కి తిప్పు, ఏదన్నా ఊళ్లో ఆగుదాం” అంటాడు. మిగతావాళ్లు నవ్వుతారు. నీతో ఏ ప్రోగ్రాం పెట్టుకున్నా ఇంతే, అంటారు.

ఇది నేను కల్పించి చెప్పింది. 2024 ఆగస్టు 31 రాత్రి, మర్నాడు సెప్టెంబరు 1న మన దగ్గర జరిగింది మాత్రం కల్పన కాదు. కోదాడలో వాగు ఊరి మీదికొచ్చింది, కార్లు కొట్టుకుపోయాయి, ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. హైదరాబాద్ - విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. చనిపోయినవాళ్లు తొందరపడ్డారని నేననను. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చీకట్లో ఎవరికి తెలుస్తుంది? కానీ అలాంటి చావు విన్నప్పుడల్లా మనూళ్లలో వచ్చే మొదటి మాట ఏమిటి? “వాళ్ల నుదుటి రాత.”

రాజగృహంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సరిగ్గా ఇదే అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ మునుపు చేసిన కర్మ వల్లే వస్తాయని కొందరంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం వల్ల వచ్చే బాధ ఉంది, కఫం వల్ల, వాతం వల్ల, ఈ మూడూ కలిసి వచ్చేది ఉంది. ఋతువు మారడం వల్ల వచ్చేది ఉంది. అజాగ్రత్త వల్ల, దెబ్బ తగలడం వల్ల వచ్చేవి ఉన్నాయి. కర్మఫలం ఈ ఎనిమిదిలో ఒకటి, అంతే. ఋతువుకు వేరే చోటిచ్చాడు చూడండి. వాన వానే. అది మీ పూర్వజన్మ లెక్క చూసి కురవదు. బుద్ధుడు చెప్పిన కమ్మ అంటే తెలిసి చేసే పని. మబ్బు పట్టడం మీ కమ్మ కాదు, కల్వర్టు ముందు ఆక్సిలరేటర్ తొక్కడం మీ కమ్మ.

అన్నిటి మీదా ‘ఖర్మ’ అని ఒకే దుప్పటి కప్పితే ఈ తేడా కనబడదు. కాలువ కట్టను చూడాల్సిన మనిషీ కనబడడు, వాగులో ప్లాట్లు వేసినవాడూ కనబడడు. పేదల స్థితికి రాజ్యమూ సమాజమూ జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికే పూర్వజన్మ కర్మ సిద్ధాంతం పనికొస్తుందని బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో ఊరికే రాయలేదు.

మనవాళ్లకు ఇంకొకటుంది. కారు ఆగింది, రాత్రయింది, తెలియని ఊరు. ఎవరి తలుపు తట్టాలి? ముందు పేరడుగుతారు. తర్వాత ఇంటిపేరు. తర్వాత “ఏ వాడోళ్లు?” వాన ఋతువు. అరుగెక్కనివ్వకపోవడం ఏ ఋతువు? 1901లో చిన్న భీమరావు తండ్రి దగ్గరికి బయలుదేరి, కులం తెలిసి బండివాడు తోలనంటే, అన్నతో, మేనల్లుడితో ఆ రాత్రంతా గుక్కెడు నీళ్లు దొరక్క గడిపాడు. ఆ ఎండ ఎండాకాలానిది. ఆ దాహం మాత్రం మనుషులు పెట్టింది. ఖర్మ అనుకుని ఊరుకుని ఉంటే మహాడ్ చెరువు దాకా నడిచేవాడు కాదు.

వెనక సీట్లో ఆయన్ని మరిచిపోలేదు. సిగాలుడికి బుద్ధుడు స్నేహితుల గురించి చెప్పినప్పుడు, చెడుపనికి కూడా సరే అనేవాణ్ణి, వేళగాని వేళ తిరగడానికి తోడొచ్చేవాణ్ణి మిత్రుల లెక్కలో వేయలేదు. మనం ఏమరుపాటులో ఉన్నప్పుడు కాపాడేవాణ్ణి, భయమేసినప్పుడు ఆసరా అయ్యేవాణ్ణి వేశాడు. మన యువకుల్లో పిరికి అన్న పేరుకు భయపడి నోరు మూసుకునే మంచివాళ్లు చాలామంది ఉన్నారని నా అనుమానం. సభలకు పోయే జీపుల్లో, ఆటోల్లో కూడా.

ఆగడం చిన్నతనమనుకునేవాళ్లు ఒకసారి సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట ఎక్కిరండి. ఆ విహారాల గదుల పునాదులు ఇంకా ఉన్నాయి. ఆషాఢ పున్నమి దాటాక మూడు నెలలు భిక్షువులు తిరగడం మాని ఒకచోట ఉండాలన్నది సంఘ నియమం. పచ్చగడ్డినీ చిన్న ప్రాణులనూ తొక్కుతూ వానలో తిరుగుతున్నారేమిటని జనం తప్పుపడితే బుద్ధుడు పెట్టిన నియమమది. ఊరూరా తిరిగి ధమ్మం చెప్పే పని కూడా ఆ మూడు నెలలు ఆగేది. ఆగస్టు 31 ఆ వర్షావాసం లోపలే వస్తుంది.